ఇద్దరూ కలిసి వదిలేయాల్సిన బంతి: రియల్ టెన్నిస్ ప్రపంచ డబుల్స్ గురించి

రియల్ టెన్నిస్ డబుల్స్ మొదటిసారి చూసేవాళ్లు ఎక్కడ తికమకపడతారో ముందే చెప్పొచ్చు. బంతి నెట్ దాటి వస్తుంది. అందుకోవడానికి ఇద్దరికీ వీలుంటుంది. అయినా ఇద్దరూ రాకెట్లు దించి, మెడలు తిప్పి, అది ఎక్కడ పడుతుందా అని చూస్తూ నిలబడిపోతారు. బంతి నేలను తాకి, వెనక గోడకు కొట్టుకుని, ముందుకొచ్చి రెండోసారి నేల మీద పడుతుంది. స్కోరు పిలిచే అంపైర్, అంటే మార్కర్, ఒక మాట అంటాడు. పాయింటు బంతిని వదిలేసిన జట్టుకే దక్కుతుంది.

మనకు తెలిసిన టెన్నిస్‌లో రెండోసారి నేలకు తగిలితే కథ ముగిసినట్టే. ఇక్కడ ఆ రెండో తాకు ఎక్కడ పడిందన్నదే ఆటకు ప్రాణం. సింగిల్స్‌లో ఆ లెక్క ఒక్క బుర్రలో సాగుతుంది. డబుల్స్‌లో అదే లెక్కను రెండు బుర్రలు, బంతి గాల్లో ఉన్నంతసేపట్లోనే, ఒకే జవాబు వచ్చేలా వెయ్యాలి. ప్రపంచ డబుల్స్ ఛాంపియన్‌షిప్‌లో గెలిచే జంటకూ ఓడే జంటకూ ఉన్న తేడా కొట్టుడులో కంటే ఈ వదలడంలోనే ఎక్కువ కనిపిస్తుందని నా నమ్మకం. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు కోర్టు తెలియాలి.

ఈ ఆట ఇప్పుడు నాలుగు దేశాల్లోనే బతికి ఉంది: ఇంగ్లండ్, స్కాట్లండ్‌లతో కలిపి బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్. కోర్టులన్నీ కలిపి లెక్కేసినా యాభైకి అటూ ఇటూ ఉంటాయి. అమెరికాలో దీన్ని కోర్ట్ టెన్నిస్ అంటారు, ఆస్ట్రేలియాలో రాయల్ టెన్నిస్, ఫ్రాన్స్‌లో జు ద పోమ్. 1789 జూన్ 20న ఫ్రెంచి ప్రతినిధులు ప్రమాణం చేసిన వెర్సాయ్ హాలు ఈ ఆట కోసం కట్టిందే. 1870లలో గడ్డి మీద ఆడే టెన్నిస్ పుట్టి ప్రపంచమంతా పాకాక, పాతదాన్ని వేరుగా చెప్పడానికి రియల్ అన్న మాట ముందు చేరింది. చరిత్ర ఇంతటితో చాలు, గోడల దగ్గరికి వద్దాం.

కోర్టు నాలుగు గోడల మధ్య ఉంటుంది. నేల దాదాపు 96 అడుగుల పొడవు, 32 అడుగుల వెడల్పు. ఏ రెండు కోర్టులూ కొలతల్లో అచ్చంగా ఒకేలా ఉండవు. నెట్ రెండు చివర్లా 5 అడుగుల ఎత్తు, నడుమ 3 అడుగులు. తాడు కట్టి దుప్పటి ఆరేస్తే నడుమ ఎలా జారుతుందో అంతలా వంగి ఉంటుంది. అందుకే కొట్టిన ప్రతి బంతీ నడుమ నుంచి పోవాలని చూస్తుంది. డబుల్స్‌లో ఇద్దరి మధ్యకు వచ్చే బంతులు అంత ఎక్కువ ఉండటానికి మొదటి కారణం ఇదే.

మూడు వైపులా గోడల పొడవునా వాలు కప్పు ఉంటుంది. దాని పేరు పెంట్‌హౌస్. ఆ మాట వినగానే అపార్ట్‌మెంటు పై అంతస్తు గుర్తొస్తుంది గానీ, చూడ్డానికి మాత్రం మన పెంకుటింటి వసారా కప్పులా ఉంటుంది. సర్వీస్ చేసేవాడు నెట్ వైపు తిరిగి నిలబడితే ఎడమ పక్కనా, వీపు వెనకా, అవతలి కొసన ఈ కప్పులుంటాయి. కుడి పక్కన కప్పు లేని నిలువు గోడ. దాన్ని మెయిన్ వాల్ అంటారు. ఎడమ పక్క కప్పు కింద వరుసగా కిటికీల్లాంటి ఖాళీలు, అవే గ్యాలరీలు. సర్వీస్ చేసేవాడి వీపు వెనక గోడలో పెద్ద ఖాళీ ఉంటుంది, దానికి వల కట్టి ఉంటుంది. దాని పేరు డెడాన్స్. ప్రేక్షకులు కూర్చునేది ఆ వల వెనకే.

అవతలి సగాన్ని హజార్డ్ వైపు అంటారు. అక్కడ వెనక గోడలో, మెయిన్ వాల్ మూలకు దగ్గరగా, చిన్న చదరపు ఖాళీ ఉంటుంది. అది గ్రిల్. ఆ మూలకు కాస్త ముందు మెయిన్ వాల్ లోపలికి పొడుచుకొచ్చి ఏటవాలు ముఖంతో నిలబడుతుంది, దాన్ని టాంబర్ అంటారు. గోడ వెంట వచ్చే బంతి ఆ ముఖానికి తగిలితే కోర్టుకు అడ్డంగా దూసుకుపోతుంది. హజార్డ్ వైపు గ్యాలరీల్లో చివరిది విన్నింగ్ గ్యాలరీ. డెడాన్స్, గ్రిల్, విన్నింగ్ గ్యాలరీ, ఈ మూడింట్లో దేంట్లో బంతి పడినా పాయింటు అక్కడికక్కడే. మొదటిది హజార్డ్ వైపు నుంచి కొట్టేవాళ్లకు గురి. మిగతా రెండూ సర్వీస్ వైపు నుంచి కొట్టేవాళ్లకు.

సర్వీస్ ఎప్పుడూ ఒకే కొస నుంచి. బంతి పక్క కప్పు మీద, నెట్ అవతలి భాగంలో ఒక్కసారైనా తాకి, హజార్డ్ వైపు సర్వీస్ గీత వెనక పడాలి. గేమ్ అయిపోయింది కదా అని సర్వీస్ చేతులు మారదు. చేజ్ పడితేనే మారుతుంది. డబుల్స్ మొత్తం ఈ వాక్యం చుట్టూనే తిరుగుతుంది.

చేజ్ అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. సర్వీస్ వైపు ఉన్నది ఎర్ర జట్టు, హజార్డ్ వైపు నీలం జట్టు అనుకోండి. నీలం జట్టు కొట్టిన బంతిని ఎర్ర జట్టు అందుకోలేదు, లేదా వదిలేసింది. అది వెనక గోడకు 3 గజాల దూరంలో రెండోసారి నేలను తాకింది. పాయింటు ఎవరికీ రాదు. మార్కర్ చేజ్ మూడు గజాలు అని పిలుస్తాడు. ఆట సాగుతుంది. ఇలా రెండు చేజ్‌లు పడ్డాక, లేదా ఎవరో ఒకరు గేమ్‌కు ఒక్క పాయింటు దూరంలో ఉండి ఒక్క చేజ్ ఉన్నా చాలు, జట్లు కొసలు మార్చుకుంటాయి. ఇప్పుడు నీలం జట్టు సర్వీస్ వైపు వస్తుంది. ఎర్ర జట్టు హజార్డ్ వైపు నుంచి ఆ 3 గజాల కంటే మెరుగ్గా, అంటే వెనక గోడకు ఇంకా దగ్గరగా రెండో తాకు పడేలా కొట్టాలి. కొడితే పాయింటు వాళ్లది. దూరంగా పడితే నీలం జట్టుది. సరిగ్గా అదే గీత మీద పడితే ఎవరికీ లేదు, చేజ్ రద్దు.

నేల మీద గజాల గీతలు, అర గజాల గీతలు గీసి ఉంటాయి. వెనక గోడ నుంచి ఆరు గజాల దాకా గజాల్లో పిలుస్తారు. అది దాటితే గ్యాలరీల పేర్లతో: చివరి గ్యాలరీ, రెండో గ్యాలరీ, తలుపు, మొదటి గ్యాలరీ. సర్వీస్ వైపు గ్యాలరీల్లో బంతి దూరినా ఆ పేరుతోనే చేజ్ పడుతుంది. హజార్డ్ వైపు కూడా నెట్‌కూ సర్వీస్ గీతకూ మధ్య రెండో తాకు పడితే చేజ్ ఉంటుంది, కానీ ఆ గీత దాటి లోపల పడితే పాయింటు నేరుగా సర్వీస్ జట్టుకే. కొసల మధ్య సమానత్వం లేదని ఇక్కడే తేలిపోతుంది. సర్వీస్ వైపు ఉన్నవాళ్లకు గురి పెట్టడానికి రెండు ఖాళీలు, టాంబర్ మలుపు, పైగా వెనక భాగంలో ప్రతి రెండో తాకుకూ పాయింటు. హజార్డ్ వైపు ఉన్నవాళ్లకు బంతిని డెడాన్స్‌లోకి కొడితేనే చటుక్కున పాయింటు. లేకపోతే చేజ్ వేసుకుని, దాని ద్వారా సర్వీస్ వైపు చేరుకోవాలి.

ఇక్కడ చాలామందికి అంత త్వరగా మింగుడుపడని సంగతి ఒకటుంది. ఈ ఆటలో గట్టిగా కొట్టడం తరచూ చెడ్డ చేజ్‌నే ఇస్తుంది. గట్టి బంతి వెనక గోడకు కొట్టుకుని అంతే వేగంతో వెనక్కొస్తుంది. రెండో తాకు గోడకు ఏడెనిమిది గజాల దూరంలో, గ్యాలరీల దగ్గర పడుతుంది. మంచి చేజ్ కావాలంటే బంతి కిందిభాగాన్ని రాకెట్‌తో కోస్తూ, వెనక్కి తిరిగే భ్రమణంతో పంపాలి. దీన్నే కట్ అంటారు. అలాంటి బంతి నేల మీద జారి, గోడ అడుగున తగిలి, అక్కడే కుదేలవుతుంది. గోడా నేలా కలిసే అంచుకు తగిలితే ఇంక లేవనే లేవదు.

రాకెట్, బంతి ఈ కట్ కోసమే పుట్టినట్టుంటాయి. రాకెట్ 27 అంగుళాల పొడవు. నియమాల ప్రకారం అది దాదాపు పూర్తిగా చెక్కతోనే చేసినదై ఉండాలి. తల ఒక పక్కకు వంగి ఉంటుంది. ఆ వంపు వల్ల నేలకు ఆనించినట్టుండే బంతినీ, మూలలో ఇరుక్కున్న బంతినీ తవ్వి తీయొచ్చు. తల చిన్నది, తంతులు బిగువు. బంతి బరువు 71 నుంచి 78 గ్రాములు. మామూలు టెన్నిస్ బంతి 60 గ్రాములు కూడా ఉండదు. లోపల గాలి లేదు. బెండు ముద్ద చుట్టూ గుడ్డ పట్టీ చుట్టి, కొట్టి గుండ్రం చేసి, దారంతో బిగించి, పైన ఉన్ని గుడ్డ చేత్తో కుడతారు. కుట్టేది క్లబ్బులో ఉండే ప్రొఫెషనల్ ఆటగాళ్లే. పై గుడ్డ అరిగిపోతుంటే మారుస్తూ ఉంటారు. కొత్త గుడ్డ బంతికీ అరిగిన బంతికీ కట్ పట్టే తీరు వేరు, గోడ నుంచి వచ్చే దూరం వేరు. పెద్ద పోటీకి కొత్తగా కుట్టిన బంతులు పెట్టినప్పుడు తొలి గేముల్లో వదిలేసిన బంతులు ఎక్కువగా లెక్క తప్పడానికి కారణం అదే. బంతి తమ క్లబ్బు బంతిలా వెనక్కి రాదు. మంచి జంటలు సాధన సమయంలో ర్యాలీలు ఆడటంతో సరిపెట్టవు. వెనక గోడ మీదికి రకరకాల వేగాలతో కొట్టి రెండో తాకు ఎక్కడ పడుతోందో చూస్తాయి.

ఇక డబుల్స్ నిలబడే తీరు. సర్వీస్ వైపు ఉన్న జంటలో సాధారణంగా ఒకరు ముందు, ఒకరు వెనక. వెనకున్నవారి పని డెడాన్స్‌ను కాయడం, మూలల్లోకి కోసిన బంతులు తవ్వడం. ముందున్నవారి పని నెట్ దాటగానే దొరికిన బంతిని గాల్లోనే కొట్టి హజార్డ్ వైపు వెనక గోడకు తోయడం, గ్యాలరీల్లోకి దూరబోయే బంతుల్ని ఆపడం. బ్యాడ్మింటన్ డబుల్స్ చూసేవాళ్లకు ఈ అమరిక కొత్త కాదు. మన అమలాపురం సాత్విక్‌సాయిరాజ్ వెనక నుంచి స్మాష్ కొడుతుంటే చిరాగ్ నెట్ దగ్గర కాచుకుని ఉండటం అందరం చూసిందే. తేడా ఏమిటంటే, బ్యాడ్మింటన్‌లో షటిల్ ముందువారిని దాటితే వెనకవారు కొట్టి తీరాలి, లేదా బయటికి పోతుందని వదలాలి. ఇక్కడ బయట అన్నది దాదాపు లేదు. గోడ పైగీత, కప్పు పైన ఉన్న చోట్లు తప్ప అంతా ఆడే చోటే. కాబట్టి వదలడమా, కొట్టడమా అన్నది గీతను బట్టి తేలదు. ఉన్న చేజ్‌ను బట్టి తేలుతుంది.

చేజ్ అర గజమో, గజమో అయితే కాపాడుతున్న జంట పని ఒక విధంగా తేలిక. కొట్టేవాళ్లకు దాన్ని మించి కోయడం చాలా కష్టం. కాబట్టి వాళ్లు డెడాన్స్ వైపే బలంగా కొడతారు. నేరుగా, లేదా మెయిన్ వాల్‌కు తగిలించి. వెనకవారు డెడాన్స్ ముందు రాకెట్ ఎత్తి కాచుకోవాలి. ముందువారు తలదాకా వచ్చే వేగపు బంతిని అడ్డుకోవాలని చూడొచ్చు, కానీ రాకెట్ అంచుకు తగిలించి గాల్లోకి లేపితే వెనకవారికి బంతి సరిగ్గా కనిపించదు. చేయి చాచి తగిలించడం కంటే తప్పుకోవడం మేలైన సందర్భాలు ఇక్కడ ఎక్కువ.

చేజ్ మొదటి గ్యాలరీయో, తలుపో అయితే లెక్క తిరగబడుతుంది. ఏ బంతి వదిలినా దాదాపు అది చేజ్‌ను దాటి మెరుగైన చోటే పడుతుంది. కాబట్టి అన్నీ కొట్టాలి. ముందువారు గాల్లోనే వీలైనన్ని తీసుకోవాలి. ఇలాంటి చేజ్‌ను కాపాడుకోవడం కంటే సర్వీస్‌తోనే తేల్చడం మంచిది. రైల్‌రోడ్ అనే సర్వీస్ పక్క కప్పు అంచు వెంబడి రైలు పట్టాల మీద వెళ్లినట్టు పరిగెత్తి, మూలలో గోడ వైపు తిరిగి పడుతుంది. జిరాఫ్ అనేది బాగా ఎత్తుకు లేచి, కప్పు చివర ఒక్కసారి తాకి, వెనక గోడ దగ్గర నిలువుగా దిగుతుంది. రెండూ తిరిగి కొట్టేవాడికి చోటు లేకుండా చేయడానికే.

అన్నిటికంటే చిక్కు మధ్య చేజ్‌లతో. మూడు, నాలుగు, ఐదు గజాలు. ఇక్కడ ఒకే బంతి, కాస్త వేగం తేడాతో, చేజ్‌ను గెలిపిస్తుంది లేదా ఓడిస్తుంది. వదిలేయాలా వద్దా అని తేల్చడానికి వెనకవారు చూసేవి మూడు. కొట్టినవాడి రాకెట్ బంతి కిందికి కోస్తూ వెళ్లిందా, చదునుగా తగిలిందా. బంతి నెట్‌ను ఎంత ఎత్తులో దాటింది. మొదటి తాకు వెనక గోడకు ఎంత దూరంలో పడబోతోంది. చదునుగా, వేగంగా వచ్చి గోడకు కాస్త ఎత్తున తగిలేది వెనక్కి చాలా దూరం వస్తుంది, అది వదలదగ్గది. కోసి, తక్కువ ఎత్తులో వచ్చి, గోడ అడుగున తగిలేది వదిలితే పోయినట్టే. వీటన్నిటికంటే ముందు తేలాల్సింది ఇంకొకటుంది: అది గోడకు తగులుతుందా, డెడాన్స్‌లో దూరుతుందా. డెడాన్స్ వెనక గోడలో చాలా భాగాన్ని తినేసినా రెండు పక్కలా గోడ మిగిలే ఉంటుంది. ఆ మిగిలిన గోడకు తగిలే బంతిని వదిలితే పాయింటు వస్తుంది. రెండు జానలు ఇటు వస్తే ఆ బంతే పాయింటు పోగొడుతుంది.

మరి మాట ఎవరిది? నా దృష్టిలో వెనకవారిదే కావాలి. ముందువారికి బంతి తమను దాటాక కనిపించదు. వెనకవారికి బంతి, గోడ, గీత మూడూ ఒకే చూపులో అందుతాయి. కానీ ముందువారు గాల్లో కొట్టగల బంతుల విషయంలో వెనకవారి కేక అందేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే గట్టి జంటలు పాయింటు మొదలవకముందే మాట్లాడుకుంటాయి: ఈ చేజ్‌కు భుజం పైకి వచ్చిన చదును బంతి నాకొద్దు, నీది. నడుముకు కింద కోసి వచ్చేది నాది. సర్వీస్‌కు ముందు రెండు సెకన్ల పాటు ఇద్దరూ పెదవులు కదిలించడం వీడియోల్లో కనబడుతుంది. వాళ్లు పంచుకునేది ఈ లెక్కే.

తప్పులు సాధారణంగా ఇక్కడే జరుగుతాయి. ముందువారు ఉత్సాహంతో చెడ్డ చేజ్‌గా పోయే బంతిని గాల్లో కొట్టేస్తారు. చేతికి వచ్చిన పాయింటును మళ్లీ ర్యాలీలోకి నెట్టినట్టవుతుంది. నడుమ పడ్డ బంతికి ఇద్దరూ వెళ్లి చెక్క రాకెట్లు ఒకదానికొకటి కొట్టుకుంటాయి, కొన్నిసార్లు విరుగుతాయి కూడా. రెండు చేజ్‌లు ఉన్నప్పుడు ఏది ముందు ఆడుతున్నారో ఒకరు మరిచిపోతారు. మొదట పడింది మొదట ఆడాలి. మూడు గజాల చేజ్ అనుకుని వదిలిన బంతి నిజానికి ఐదు గజాల చేజ్‌కు సంబంధించినదైతే అంతే సంగతులు. మార్కర్‌ను అడిగే హక్కు ఆటగాళ్లకుంది, అడగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

హజార్డ్ వైపు నిలబడ్డ జంట సంగతి వేరు. అక్కడ ముందూ వెనకా కంటే పక్కల పంపకం ముఖ్యం. ఒకరు మెయిన్ వాల్, టాంబర్, గ్రిల్ ఉన్న పక్క. మరొకరు గ్యాలరీల పక్క, విన్నింగ్ గ్యాలరీని కాస్తూ. నెట్ వైపు తిరిగి నిలబడితే టాంబర్ ఎడమ చేతి వైపు వస్తుంది. కుడిచేతివాటం ఆటగాడికి అది బ్యాక్‌హ్యాండ్. ఎడమచేతివాటం భాగస్వామి ఉన్న జంటకు ఇక్కడ సహజంగానే లాభం. టాంబర్‌కు తగిలిన బంతి అడ్డంగా మలుపు తిరిగి రెండో ఆటగాడి మీదికే వస్తుంది. కాబట్టి ఆ బంతి టాంబర్ పక్కన ఉన్నవారిది కాదు, అవతల ఉన్నవారిది అని ముందే ఒప్పందం ఉండాలి. టాంబర్ పక్కనున్నవారు దాని వెనక పరిగెత్తితే గ్రిల్ ఖాళీ అవుతుంది, తరువాతి బంతి అక్కడికే వస్తుంది.

ప్రపంచ డబుల్స్ పోటీ రెండేళ్లకోసారి, ఆ నాలుగు దేశాల్లో ఏదో ఒక కోర్టులో జరుగుతుంది. సింగిల్స్ ప్రపంచ టైటిల్‌కూ దీనికీ స్వభావంలోనే తేడా ఉంది. సింగిల్స్ టైటిల్ 1740 నుంచి లెక్కకు వస్తుంది. అప్పటి ఛాంపియన్ క్లెర్జే అనే ఫ్రెంచివాడు. ఏ క్రీడలోనైనా ఇంతకంటే పాత ప్రపంచ టైటిల్ లేదంటారు. అక్కడ ఛాంపియన్ కాచుకుని ఉంటాడు, సవాలు చేసేవాడు అర్హత సాధించి వస్తాడు, మూడు రోజుల పాటు 13 సెట్లలో 7 గెలిచినవాడిదే టైటిల్. డబుల్స్‌లో కాచుకుని కూర్చోవడం లేదు. పాత ఛాంపియన్లూ నాకౌట్‌లో ఆడే రావాలి. కొద్ది రోజుల్లో వరుసగా వేర్వేరు జంటల్ని ఎదుర్కోవాలి. ఒక్కో జంట చేజ్‌లు వేసే తీరు వేరు కాబట్టి వదిలే లెక్కను ఏ రోజుకారోజు సవరించుకోవాలి.

ఈ పోటీలో ఎక్కువగా వినిపించే పేర్లు రెండు జంటలవి. ఒకటి అమెరికన్లు కామ్డెన్ రివియర్, టిమ్ చిజమ్. సౌత్ కరోలినాలోని ఎయికెన్ ఊళ్లో చిన్నప్పుడే రాకెట్ పట్టిన రివియర్ సింగిల్స్‌లోనూ 2016లో న్యూపోర్ట్‌లో ప్రపంచ టైటిల్ గెలిచాడు, 2018లో పోగొట్టుకుని 2022లో మళ్లీ తెచ్చుకున్నాడు. రెండోది ఆస్ట్రేలియన్లు రాబర్ట్ ఫేహీ, స్టీవ్ వర్గోనా. టాస్మానియాకు చెందిన ఫేహీ 1994 నుంచి 2016 దాకా సింగిల్స్ టైటిల్ వదల్లేదు. 2018లో 50 ఏళ్ల వయసులో దాన్ని రివియర్ నుంచి తిరిగి తీసుకున్నాడు. ఈ రెండు జంటలూ ప్రపంచ డబుల్స్ ఛాంపియన్లుగా నిలిచినవే. వాళ్ల ఆటను పక్కపక్కన పెట్టి చూస్తే డబుల్స్‌లోని రెండు దారులు తెలుస్తాయి. రివియర్ బంతిని గాల్లోనే తీసుకునే వేగం ఎదుటివాళ్లకు చేజ్ వేసే సమయమే ఇవ్వదు. ఫేహీ బలం బంతిని చివరిదాకా చూడటంలో, ఏది గోడ నుంచి ఎంత వెనక్కొస్తుందో తెలిసి ఉండటంలో. మొదటిది కళ్లకు ఇంపు. రెండోది నేర్చుకోదగ్గది.

మహిళల వైపు క్లేర్ ఫేహీ, ఆమె అక్కచెల్లెళ్లలో ఒకరైన సారా విగ్రాస్ జంట ప్రపంచ డబుల్స్ గెలిచింది. క్లేర్ 2011లో సింగిల్స్ ప్రపంచ ఛాంపియన్ కూడా అయ్యారు. అంతకు ముందు తరంలో పెన్నీ లమ్లీ మహిళల సింగిల్స్ ప్రపంచ టైటిల్‌ను ఆరుసార్లు గెలిచారు. ఆమె కొడుకు జాన్ లమ్లీ పురుషుల ప్రపంచ టైటిల్ కోసం రివియర్‌తో తలపడ్డాడు. కుటుంబాల్లో ఆట ఇలా పాకడానికి కారణం స్పష్టమే. కోర్టులు ఇన్ని తక్కువ ఉన్నప్పుడు, కోర్టు పక్కన పెరిగిన పిల్లలకే గోడల లెక్క చిన్నప్పుడే వంటబడుతుంది. ఒకే కోర్టులో కలిసి పెరిగిన అక్కచెల్లెళ్లకు వదలడం గురించి పాయింటుకు ముందు మాట్లాడుకోవాల్సింది కూడా తక్కువే ఉంటుంది.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లలో చాలామందికి ఈ కోర్టులు కారులో వెళ్లే దూరంలోనే ఉన్నాయి. లండన్‌లో లార్డ్స్ క్రికెట్ మైదానం ఆవరణలోనే ఒకటుంది, క్వీన్స్ క్లబ్‌లోనూ ఉంది. హాంప్టన్ కోర్ట్ రాజభవనంలో ఉన్నది 17వ శతాబ్దం నాటిది. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్‌లలో ఉన్నాయి. మెల్‌బోర్న్‌లో రిచ్‌మండ్‌లో ఉంది. అమెరికాలో న్యూయార్క్, బోస్టన్, ఫిలడెల్ఫియా, షికాగోల్లో, రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్‌లో ఉన్నాయి. స్కాట్లండ్‌లో ఫాక్‌లండ్ రాజభవనంలో 1539 నాటి కోర్టు ఇంకా నిలిచే ఉంది. దానికి పైకప్పు లేదు, నమూనా కూడా వేరు. పెద్ద పోటీలు ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా వస్తాయి కాబట్టి ఇంట్లోంచీ చూడొచ్చు.

చూసేటప్పుడు బంతి వెంట కళ్లు పరిగెత్తించకండి. ముందు స్కోరు పక్కన ఉన్న చేజ్ చూడండి, తరువాత సర్వీస్ వైపు వెనకున్న ఆటగాడి రాకెట్ చూడండి. చివరి పాయింటు గెలిచినవాళ్ల స్కోరునే మార్కర్ ముందు పిలుస్తాడు, అది అలవాటయ్యేదాకా తికమకగానే ఉంటుంది. సెట్ ఆరు గేములది. 5-5 అయితే రెండు గేముల తేడా అడగరు, టైబ్రేక్ లేదు, ఒక్క గేమే తేలుస్తుంది.

ఆ ఒక్క గేమునే తీసుకోండి. 5-5. ఎర్ర జట్టు సర్వీస్ వైపు ఉంది, స్కోరు 40-30 వాళ్లది. నీలం జట్టు వచ్చిన సర్వీస్‌ను కిందికి కోసి మెయిన్ వాల్ మూలలోకి పంపింది. బంతి గోడ అడుగున తగిలి చచ్చినట్టు పడింది. చేజ్ అర గజం. ఒక్క చేజ్ అయినా ఎర్ర జట్టు 40 దగ్గర ఉంది కాబట్టి కొసలు మారాలి. ఇప్పుడు సర్వీస్ నీలం జట్టుది. అంటే ఆ ఒక్క కోతతో వాళ్లు సెట్ పోకుండా ఆపుకుని, సర్వీస్ కూడా సంపాదించుకున్నారు. ఎర్ర జట్టు సెట్ గెలవాలంటే అర గజం లోపల పడాలి, లేదా డెడాన్స్‌లోకి కొట్టాలి. రెండోదే వీలైన దారి. నీలం జట్టులో వెనకాయన డెడాన్స్ ముందు నిలబడ్డాడు, ముందాయన ఒక అడుగు గ్యాలరీల వైపు జరిగి దారి వదిలాడు. సర్వీస్. ఎర్ర జట్టు ఆటగాడు బలమంతా పెట్టి చదునుగా కొట్టాడు. బంతి ముందాయన భుజం పక్కగా పోయింది. వెనకాయన రాకెట్ ఎత్తి, చివరి క్షణంలో దించేశాడు. బంతి డెడాన్స్ అంచుకు ఒక జానెడు అవతల గోడకు తగిలి, వెనక్కొచ్చి, ఐదు గజాల గీత దగ్గర రెండోసారి పడింది. మార్కర్ డ్యూస్ అని పిలిచాడు. నీలం జట్టు అదే కొస నుంచి మళ్లీ సర్వీస్‌కు బంతి అందుకుంది.